ఐదు నిమిషాల వాష్‌కి నెల పాస్ అవసరమా?

'ఐదు నిమిషాల్లో కొత్త కారు' అని పెద్ద బోర్డు. దాని కింద లైన్‌లో నాది తొమ్మిదో కారు. శనివారం పొద్దున పదింటికి ఏసీ వేసుకుని, రీల్స్ చూసుకుంటూ నలభై నిమిషాలు కూర్చున్నాక ఒక డౌట్ వచ్చింది. ఈ ఐదు నిమిషాల పనికి నెలకి 1,199 రూపాయలు కడుతున్నాను కదా, అసలు వర్కవుట్ అవుతోందా?

డౌట్ వస్తే మనలాంటి వాళ్లం ఏం చేస్తాం? షీట్ ఓపెన్ చేస్తాం. నేనూ అదే చేశా. మూడు నెలల లెక్క రాసుకున్నా. డబ్బుల సంగతి సులభంగానే తేలిపోయింది. తేలనిది ఇంకొకటి ఉంది, అది చివర్లో చెప్తా. అది చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా కూడా ఉంది.

గీతలు ఎక్కడివి?

నాది నల్ల కారు. కొనేటప్పుడు అమ్మ చెప్పింది, "నలుపు వద్దురా, దుమ్ము కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది" అని. వింటేగా! ఏడేళ్ల ఈఎంఐ మీద తీసుకున్న మొదటి కారు, నాకు నచ్చిన రంగే ఉండాలని పట్టుబట్టా.

ఏడాది తిరిగేసరికి ఒక రాత్రి పెట్రోల్ బంకులో ఎల్‌ఈడీ లైట్ల కింద ఆగినప్పుడు చూశా. బానెట్ నిండా సాలెగూడు లాంటి సన్నని గీతలు, గుండ్రంగా తిరుగుతూ. వీటిని స్విర్ల్ మార్క్స్ అంటారు. పగలు సరిగ్గా కనిపించవు. మీ కారుకీ ఉన్నాయేమో చూడాలంటే చీకటి పడ్డాక ఫోన్ టార్చ్ దగ్గరగా పెట్టి చూడండి. ముందే చెప్తున్నా, చూశాక ఆ రాత్రి నిద్ర పట్టకపోతే నా పూచీ లేదు.

సంగతేంటంటే, కారు రంగు పైన క్లియర్ కోట్ అని పారదర్శకమైన పొర ఉంటుంది. మెరుపంతా దానిదే. ఎండలోని యూవీ నుంచి కింది రంగుని కాపాడేదీ అదే. దాని మందం చాలా కార్లకి 40 నుంచి 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే మనం లక్షలు పోసి కొన్న మెరుపు వెంట్రుక కన్నా పల్చన.

ఇక హైదరాబాద్ దుమ్ము సంగతి చూద్దాం. ఈ ఊరు నిలబడిందే గ్రానైట్ రాళ్ల మీద. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు ఎటు చూసినా రాళ్లు పగలగొట్టి పునాదులు తవ్వుతూనే ఉన్నారు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. అది గాజు మీద కూడా గీత పెట్టేంత గట్టిది. రాత్రంతా ఆ పొడి కారు మీద పడుతుంది. పొద్దున్నే దాని మీద గుడ్డ పెట్టి రుద్దితే అది తుడవడం కాదు, సన్నగా ఇసుక కాగితం పెట్టడమే.

మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున ఐదింటికే ఒక అన్న వచ్చి కార్లు తుడుస్తాడు. నెలకి 600. ఒక బకెట్, ఒక గుడ్డ. ఆ బకెట్ నీళ్లతో నాలుగైదు కార్లు కానిచ్చేస్తాడు. ఐదో కారు వంతు వచ్చేసరికి నీళ్లు టీ రంగులో ఉంటాయి. నాది ఐదో కారు.

దాంతో నాకు సీన్ అర్థమైపోయింది. అన్నని మానిపించేశా, ఎక్స్‌ప్రెస్ వాష్‌కి నెల పాస్ తీసుకున్నా. అక్కడితో ఆగినా బాగుండేది. టార్చ్ వెలుగులో గీతలు ఫొటో తీసి, 'చూడండి, గుడ్డతో తుడిపిస్తే ఇదీ పరిస్థితి' అని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టా. నలభై రెండు లైకులు వచ్చాయి. మంచి పని చేశాననుకున్నా.

సొరంగంలో ఏం జరుగుతుంది?

ఎప్పుడూ వెళ్లని వాళ్ల కోసం చెప్తా. కారు ముందు చక్రాన్ని ఒక పట్టా మీదికి ఎక్కించి న్యూట్రల్‌లో పెట్టాలి. హ్యాండ్‌బ్రేక్ తీసేయాలి, బ్రేక్ మీద కాలు పెట్టకూడదు. అద్దాలు మడిచేయాలి. వాన పడితే వాటంతటవే తిరిగే వైపర్లు ఉంటే ఆఫ్ చేయాలి. నేను మొదటిసారి అది మర్చిపోయా. పైనుంచి నురగ పడగానే వైపర్లు ఊగిపోయి బ్రష్‌తో కుస్తీ మొదలెట్టాయి. బయట నిల్చున్న కుర్రాడు నవ్వు ఆపుకోలేకపోయాడు.

లోపల వరస ఇలా ఉంటుంది. ముందు మట్టిని నానబెట్టే ద్రవం, తర్వాత ప్రెషర్ నీళ్లు, నురగ, మెత్తని బ్రష్‌లో వేలాడే గుడ్డ పట్టీలో తిరుగుతూ రుద్దడం, మళ్లీ నీళ్లు, కొంచెం వ్యాక్స్, చివర్లో బ్లోయర్ గాలి. కొన్నిచోట్ల బ్రష్ ఉండదు, దాన్ని టచ్‌లెస్ అంటారు. ఏదీ తగలదు కాబట్టి గీతల భయం తక్కువ. కానీ రుద్దకుండా మురికి వదలాలంటే కెమికల్ ఘాటుగా ఉండాలి. అప్పటికీ పల్చని మురికి పొర కొంత మిగిలిపోతుంది, వేలితో రాస్తే తెలుస్తుంది. ఆ ఘాటుకి మీరు అంతకుముందు పెట్టించుకున్న వ్యాక్స్ కూడా త్వరగా పోతుంది.

ఇంకో సంగతి నాకు నాలుగోసారి వెళ్లినప్పుడు కనబడింది. మెషీన్ పని అయ్యాక ఇద్దరు కుర్రాళ్లు మిగిలిన తడిని గుడ్డతో తుడుస్తారు. వాళ్ల తప్పేం లేదు, నిమిషానికో కారు బయటికొస్తోంది. కానీ ముందు కారు చక్రాలు తుడిచిన గుడ్డే నా బానెట్ మీదికి వచ్చింది. చక్రాల మీద ఉండేది మామూలు దుమ్ము కాదు, బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి. లక్షల రూపాయల మెషీన్ జాగ్రత్తగా కడిగింది, చివరి ముప్పై సెకన్లలో గుడ్డ దాన్ని పాడు చేసింది. అప్పటినుంచి "తుడవద్దు తమ్ముడూ, అలాగే వెళ్లిపోతా" అని చెప్పి గాలికే ఆరబెట్టుకుంటున్నా.

దానికీ ఒక షరతుంది. చివర్లో కొట్టే నీళ్లు మంచివై ఉండాలి. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఎండలో ఆరితే తెల్లటి చుక్కలు మిగులుతాయి. బాత్రూమ్ ట్యాప్ మీద పేరుకునే తెలుపు లాంటిదే. ఆ మరకలు ముదిరితే మామూలు షాంపూకి పోవు.

మూడు నెలల లెక్క

ఇప్పుడు షీట్‌లోకి వద్దాం. నేను వెళ్లిన చోట ఒక్క వాష్‌కి 350. ఎన్నిసార్లైనా వెళ్లే నెల పాస్ 1,199. అంటే నెలకి నాలుగుసార్లు వెళ్తేనే పాస్ గిట్టుబాటు. ఎన్నిసార్లైనా అన్నారు కాబట్టి వారానికి రెండుసార్లు వెళ్తానని నాకు నేనే మాటిచ్చుకున్నా. జిమ్‌లో చేరిన రోజు ఇచ్చుకున్న మాట లాంటిదే.

పదమూడు వారాల్లో నేను వెళ్లింది ఏడుసార్లు.

మూడు పాస్‌లకి కట్టింది 3,597. ఏడుతో భాగిస్తే వాష్‌కి దాదాపు 514 రూపాయలు. పాస్ లేకుండా ఏడుసార్లు వెళ్లుంటే 2,450తో అయిపోయేది. 1,147 రూపాయలు ఊరికే పోయాయి. పైగా అది మా ఇంటికి ఏడు కిలోమీటర్లు. రానూపోనూ పద్నాలుగు, అంటే సిటీ ట్రాఫిక్‌లో నా కారుకి ఇంచుమించు లీటరు పెట్రోలు. లీటరు ధర నూరు దాటి చాలా కాలమైంది. లైన్, ట్రాఫిక్ కలిపితే ఐదు నిమిషాల వాష్‌కి సగటున గంటా పావు పట్టింది.

ఎందుకు వెళ్లలేకపోయానో కూడా రాసుకున్నా. రెండు వారాలు వాన. కడిగిన మర్నాడే వాన పడితే ఉండే బాధ మీకూ తెలుసు. ఒక వారం రిలీజ్ సపోర్ట్. ఒకసారి ఊరెళ్లా. మిగతావి ఉత్త బద్ధకం. పాస్ అమ్మేవాళ్ల లెక్కలో మన బద్ధకం కూడా ఉంటుంది. అందరూ వారానికి రెండుసార్లు వచ్చేస్తే ఆ రేటుకి వాళ్లకి మిగలదు.

మరి అమెరికాలో ఉన్న ఫ్రెండ్స్ అందరూ ఈ పాస్‌లు తీసుకుంటారు కదా అంటారేమో. నేనూ మిషిగన్‌లో ఉన్న నా బీటెక్ రూమ్మేట్‌ని అడిగా. అక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్లు కారు అడుగున పట్టుకుంటే ఇనుము తుప్పు పడుతుంది. అందుకే వాడు చలికాలంలో అడుగు భాగం కడిగే ప్యాకేజీ తీసుకుని వారం వారం వెళ్తాడు. వాడి దగ్గర అది అవసరం. హైదరాబాద్ రోడ్ల మీద గుంతలున్నాయి గానీ ఉప్పు లేదు. విశాఖ బీచ్ రోడ్డు పక్కనో, కాకినాడ తీరంలోనో ఉండేవాళ్లకైతే ఉప్పు గాలి తగులుతుంది, అడుగు భాగం అప్పుడప్పుడూ కడిగించుకోవడం మంచిదే.

అన్న చెప్పిన మాట

ఇక మొదట్లో చెప్తానన్న సంగతి. పాస్ మూడో నెలలో ఒక పొద్దున షటిల్‌కి వెళ్తూ బేస్‌మెంట్‌లో ఆ అన్నని చూశా. చూడనట్టు వెళ్లిపోదామనుకున్నా. ఆయనే పలకరించాడు.

"సార్, బండికి గీతలు పడ్డయంట గద. గ్రూపుల ఫొటో పెట్టిన్రంట."

నాకేం చెప్పాలో తెలియలేదు. "గుడ్డ వల్ల అన్నా... నీళ్లు కూడా మురికిగా ఉంటున్నాయి కదా" అన్నా నసుగుతూ.

"మరి నీళ్లు ఏడియి సార్? పోయిన ఎండకాలం ట్యాంకర్లు వస్తలేవని కింది నల్లా బంద్ వెట్టిన్రు. నాలుగు బండ్లకు ఒక్క బకెట్ అని మీటింగ్ల రాసిన్రు. మల్ల తెరవలే. తుడవకుంటేనేమో పైసలెందుకియ్యాలె అంటరు. రోజూ మెరవాలె. నేనేం జేయాలె?"

ఆ మీటింగ్‌లో నేనున్నా. నాలుగు కార్లకి ఒక బకెట్ అన్నప్పుడు చెయ్యెత్తిన వాళ్లలో నేనూ ఒకణ్ని. పక్కనున్న బెంగళూరులో 2024 మార్చిలో తాగే నీళ్లతో బండ్లు కడిగితే ఐదు వేలు జరిమానా అన్నారు, మనం ముందే జాగ్రత్తపడదాం అని మాట్లాడింది కూడా నేనే. నీళ్లు పొదుపు చేయడం తప్పు కాదు. కానీ నీళ్లు తగ్గించి, తుడవడం మాత్రం రోజూ ఉండాల్సిందే అనడం తప్పు. నీళ్లు లేకుండా రోజూ తుడిస్తే గీతలు పడకుండా ఎలా ఉంటాయి? ఆ గీతలు అన్న గుడ్డతో పడ్డాయి, నిజమే. పడేలా రూల్ పెట్టింది మేము.

నేను ఫొటో పెట్టాక ఇంకో ముగ్గురు ఆయన్ని మానిపించేశారట. నాతో కలిపి నలుగురు. నెలకి 2,400. నా నలభై రెండు లైకుల ఖరీదు అది.

ఆ రోజు షటిల్‌కి వెళ్లలేదు. ఇద్దరం అక్కడే నిలబడి మాట్లాడుకున్నాం. రోజూ తుడవడం మానేసి వారానికి రెండుసార్లు బాగా నీళ్లు పోసి కడుగు అన్నా అని అడిగితే ముందు నమ్మలేదు. "అదే ఆరు నూర్లు ఇస్తరా?" అన్నాడు. ఇస్తానన్నా. రోజూ వచ్చి పల్చగా తుడిచే పని కన్నా వారానికి రెండుసార్లు సరిగ్గా చేసే పని విలువ ఎక్కువ. ఈ మాట మా టీమ్‌లో అయితే వెంటనే ఒప్పుకుంటాం, బేస్‌మెంట్‌లోకి వచ్చేసరికి గుర్తుండదు.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఇది. నా కారుకి రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో మామూలు నీళ్లు. ముందు మగ్గుతో నీళ్లు పోసి దుమ్ము జారనివ్వాలి, ఆ తర్వాతే గుడ్డ. పైనుంచి కిందికి రుద్దాలి, చక్రాలు చివర్లో, వాటికి వేరే గుడ్డ. నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు నేనే కొనిచ్చా. గిన్నెలు తోమే లిక్విడ్ వద్దని చెప్పా, అది మురికితో పాటు వ్యాక్స్‌నీ లాగేస్తుంది. మధ్యలో పిట్ట రెట్ట పడితే మాత్రం ఆగకుండా తడి గుడ్డతో నానబెట్టి తీసేయాలి. దాంట్లో ఉండే యాసిడ్ మన ఎండలో క్లియర్ కోట్‌ని తినేస్తుంది.

నీళ్ల లెక్క కూడా వేశా. పదిహేను లీటర్ల బకెట్లు రెండు, నెలకి ఎనిమిదిసార్లు, మొత్తం 240 లీటర్లు. పాత పద్ధతి కన్నా ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ పైపు పెట్టి పది నిమిషాలు కడిగితే ఒక్కసారికే వంద లీటర్లు దాటుతుంది. దీన్ని మీటింగ్‌లో పెట్టి, కింది నల్లా పొద్దున అరగంట తెరిచేలా ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది.

మరి పాస్ తీసుకోవాలా?

నేను పాస్ ఆపేశా. నెలకోసారి, లేదా ఊరెళ్లొచ్చి బంపర్ నిండా పురుగులు అంటుకున్నప్పుడు 350 ఇచ్చి ఎక్స్‌ప్రెస్‌కి వెళ్తున్నా. శనివారం కాదు, మంగళవారం రాత్రి ఎనిమిదికి. లైన్ ఉండదు.

మీకు పాస్ పనికొచ్చే సందర్భాలూ ఉన్నాయి. కారు క్యాబ్‌గా తిప్పుతుంటే, రోడ్డు పక్కన చెట్టు కిందే పార్కింగ్ అయితే, ఇంటి దగ్గర కడుక్కునే చోటూ నీళ్లూ లేకపోతే, వాష్ మీరు రోజూ వెళ్లే దారిలోనే ఉంటే తీసుకోండి. తెలుపు, సిల్వర్ కార్లకి ఈ గీతలు అంతగా కనబడవు కాబట్టి మీరు నా అంత కంగారు పడక్కర్లేదు. నీళ్ల సంగతి కూడా, వాడిన నీళ్లు శుద్ధి చేసి మళ్లీ వాడే చోటైతే ఇంట్లో పైపుతో కడగడం కన్నా అదే నయం.

కట్టే ముందు మాత్రం మూడు చూడండి. బ్రష్ తగిలే ముందు నీళ్లతో మట్టి వదిలిస్తున్నారా? చివరి నీళ్లు బోరువా, శుద్ధి చేసినవా? చివర్లో తుడిచే గుడ్డ ఎంతసేపటికి మారుస్తున్నారు? ఈ మూడూ అడగడానికి సిగ్గుపడకండి. ముందు పాస్ లేకుండా రెండు నెలలు సింగిల్ వాష్‌లకి వెళ్లి చూడండి. నెలకి నాలుగుసార్లు నిజంగా వెళ్లగలిగితే అప్పుడు కట్టండి.

పాత గీతల మాటేంటంటారా? పాలిష్ చేయిస్తే పోతాయి. నాకు ఆరు వేలు చెప్పారు. కానీ పాలిష్ అంటే గీత లోతు వరకు క్లియర్ కోట్‌ని అరగదీయడమే. వెంట్రుక కన్నా పల్చని పొరని ఎన్నిసార్లు అరగదీస్తాం? నేను వదిలేశా. నాన్నకి ఫోన్‌లో ఈ కథంతా చెప్తే, "ఇరవై ఏళ్లు స్కూటర్‌ని పాత బనియన్‌తో తుడిచా, ఎప్పుడైనా టార్చ్ వేసి చూశానా?" అన్నారు. పాయింటే.

గ్రూప్‌లో మళ్లీ ఒక మెసేజ్ పెట్టా. తప్పు ఎక్కడుందో, మీటింగ్‌లో ఏం రాశామో, ఇప్పుడు ఎలా కడుగుతున్నాడో అన్నీ రాశా. దానికి వచ్చిన లైకులు ఆరు. మానిపించిన ముగ్గురిలో ఇద్దరు ఆయన్ని మళ్లీ పెట్టుకున్నారు. మూడో ఆయన పాస్ మీదే ఉన్నారు. ఆయన 600 ఇంకా అన్నకి రావట్లేదు. వచ్చే ఆదివారం ఆయన ఫ్లాట్ బెల్ కొట్టి, షీట్ చూపించి మాట్లాడాలి.